ఖానాబదోష్ అన్నందుకు

నా చిన్నప్పుడు నేను నేర్చుకున్న మొట్టమొదటి పెద్ద మాట ఒక తిట్టు అనుకున్నాను. అది తిట్టు కాదని తెలిసేలోపే దాంతో ఒక కుటుంబం నోటి దగ్గరి కూడు లాగేశాను. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా పిల్లలు, అప్పుడు ఎనిమిదేళ్ల దానివి, నీకేం తెలుసు, ఊరుకో అంటారు. ఊరుకోను. తెలియదు కాబట్టే కదా అంత గట్టిగా అన్నాను. తెలియనివాళ్ల మాట ఎంత ధీమాగా ఉంటుందో ఈ తొంభై ఏళ్లలో చాలాసార్లు చూశాను. అందులో మొదటిది నాదే.

అప్పటి అమీర్‌పేటను ఇప్పటివాళ్లకు చూపించాలంటే మెట్రో స్తంభాలు, కోచింగ్ సెంటర్ల బోర్డులు అన్నీ పీకెయ్యాలి. ఇక మిగిలేది ఒక మట్టి బాట, దానికి అటూ ఇటూ జొన్న చేలు, నవాబుల తోటల గోడలు, కొన్ని పెంకుటిళ్లు. మా తాతయ్యకు వాగు పక్కన కూరగాయల మడులుండేవి. ఆయనా, మా నాయనా తెల్లవారకముందే బండి కట్టుకుని సికింద్రాబాదు అంగడికి పోతే పొద్దు వాలాకే తిరిగి వచ్చేవారు. మా అమ్మ మడుల్లో ఉండేది. ఇంటి పెత్తనమంతా మా నాయనమ్మది. ఇక పంజాగుట్ట అంటే నిజంగా గుట్టే. బండలు, సీతాఫలం పొదలు, మేకలు. ఇప్పుడు శ్రీనగర్ కాలనీ అంటున్న వైపు పనున్న మనిషి కూడా పోయేవాడు కాదు.

ఏటా చలి మొదలయ్యే రోజుల్లో ఆ గుట్ట కింద అయిదారు గుడారాలు వెలిసేవి. గాడిదల మీద సామానుతో, కుక్కలతో, పిల్లలతో వాళ్లు ఎక్కడి నుంచి వచ్చేవారో మాకు తెలియదు. ఎవరూ అడగలేదు. వాళ్ల పని మాత్రం అందరికీ కావాలి. విసుర్రాయి లోపలి ముఖాలు ఏడాది తిప్పేసరికి అరిగి నున్నబడతాయి, గింజ నలగదు. ఉలీ, సుత్తీ పెట్టి మళ్లీ సన్నగా గాట్లు కొట్టాలి. గాటు లోతు ఎక్కువైతే పిండి బరక, తక్కువైతే రెక్కల కష్టం. ఆ లెక్క వాళ్ల చేతికే తెలుసు. మా ఇంటికి వచ్చేది ఒక పొడుగాటి మనిషి. నల్లగా, నిటారుగా, ఎవరి ముఖంలోకైనా సూటిగా చూసేది. ఆమె పేరు మేమెవ్వరం అడగలేదు. రాళ్లామె అనేవాళ్లం, అంతే.

గుడారాలు కనపడిన రోజున మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. మా నాయనమ్మ పిల్లల ఒంటి మీద ఉన్న వెండంతా ఊడదీసి దాచేసేది. మా ఒక్క ఇంట్లోనే కాదు, అమీర్‌పేటలో ప్రతి ఇంట్లోనూ ఇదే పని. పొద్దున్న రాళ్లామెకు రాయి అప్పగించాలి, అంతకుముందే వెండి దాచాలి. ఎక్కడ దాచిందో ఎవరికీ చెప్పకూడదు, పోయినేడు దాచిన చోట ఈ ఏడు దాచకూడదు. మా నాయనమ్మకు ఈ కట్టుబాట్లంటే ప్రాణం. రాళ్లామె ఎన్నేళ్ల నుంచి వస్తున్నా మా ఇంట్లో సూది కూడా పోలేదు. కానీ పోకపోవడం తన తెలివి వల్లనేనని నాయనమ్మ నమ్మకం.

ఆ ఏడు రాళ్లామె మా వాకిట్లో కూర్చుని మొదటిరోజు పై రాయికి గాట్లు పెట్టింది. పొద్దుపోయిందని కింది రాయి మర్నాటికి అట్టిపెట్టి వెళ్లిపోయింది. ఆ మర్నాడు యూసుఫ్‌గూడలో మా మేనత్త కొడుకును ఉయ్యాలలో వేసే తొట్టెల వేడుక. నాకు మువ్వల పట్టగొలుసులు పెట్టాలని నాయనమ్మ వాటి కోసం వెతికింది. లేవు. అటక మీద లేవు, దూలం సందులో లేవు, చింతపండు కుండలో లేవు. మా నాయనమ్మ కాసేపు తనలో తాను గొణుక్కుని, ఆ తర్వాత వాకిట్లోకి వచ్చి గుండెలు బాదుకోవడం మొదలుపెట్టింది. నిన్నంతా ఇక్కడ కూర్చున్నది ఎవరు? మంచినీళ్లకని పెరటి వైపు పోయింది ఎవరు?

అరుపులు విని ఊరి పోలీసు పటేలు వచ్చాడు. ఆ పక్క నవాబు తోట దగ్గర కావలివాడు గుడారాలవాళ్లను చూసినప్పుడల్లా "హటో, ఖానాబదోష్!" అని కర్ర ఊపేవాడు. వాడి గొంతు, ఆ కర్ర చూసి ఆ మాటకు దొంగలని అర్థం చెప్పుకున్నాను. అందుకే పటేలు ఎవరి మీద అనుమానం అని అడగ్గానే నేను ముందుకొచ్చాను.

"వాళ్లే తీసిండ్రు. వాళ్లు ఖానాబదోష్‌లు."

ఉర్దూ అంటే అప్పుడు కచేరీ భాష, సర్కారు భాష. ఆ భాషలో ఒక పెద్ద మాట ఆడపిల్ల నోట విని పటేలు మీసం సవరించుకున్నాడు. "చూసిండ్రా, సదువుకునే పోరి చెప్తున్నది" అని చుట్టూ ఉన్నవాళ్లకు చూపించాడు. నా ఛాతీ ఎంత ఉబ్బిందో ఇప్పటికీ గుర్తుంది. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంప మీద కొట్టాలనిపిస్తుంది.

పటేలు ఇద్దరు మనుషులను తీసుకుని గుట్ట కిందికి పోయాడు. నేనూ వెనక పరుగెత్తాను. గుడారాలు ఎత్తి దులిపారు. రాళ్లామె ఇల్లంతా ఒక దుప్పటి మీద పరిచారు. రెండు కుండలు, రొట్టెలు కాల్చే ఒక పెంకు, ఒక మేకతోలు, పగిలిన అద్దం ముక్క, పసిదాని ఉయ్యాల గుడ్డ, గుప్పెడు ఉప్పు. వెండి లేదు. అయినా పటేలు ఊరుకోలేదు. ఆమె తోలు సంచిలోని సుత్తీ ఉలులూ తీసుకుని, పట్టగొలుసులు ఇస్తే ఇవి ఇస్తాను, లేకపోతే పొద్దుగూకేలోపు ఉత్త చేతులతో ఊరు దాటండి అన్నాడు. రాళ్లామె ఏడవలేదు. "అవి లేకుంటే మా పిల్లలు ఏం తినాలె దొరా?" అని ఒక్కసారి అడిగింది. ఆమె తల తిప్పి నన్ను చూసింది. నేనూ చూశాను. నాకప్పుడు సిగ్గు వెయ్యలేదు, అదే అసలు సిగ్గుచేటు.

మా పక్కింటి ఖాలా అని ఒకావిడ ఉండేది. ముంషీగారి భార్య, ఆయన పోయాక ఒంటరిగా ఉంటూ మాలాంటి ముగ్గురు నలుగురు ఆడపిల్లలకు తన అరుగు మీద అలిఫ్ బే అంటూ ఉర్దూ అక్షరాలు నేర్పేది. తొట్టెల ప్రయాణం ఆగిపోయింది గనక ఆ మధ్యాహ్నం నేను పలక పట్టుకుని ఆమె దగ్గరికి పోయాను. పాఠానికి కాదు, నా ప్రతాపం చెప్పుకోవడానికి. ఖాలా ఆకు నములుతూ అంతా విన్నది.

"ఖానాబదోష్ అంటే ఏంది బేటీ?"

"దొంగలు."

ఆమె కోప్పడలేదు. లోపలికి పోయి ఒక పాత దుప్పటి తెచ్చి నా ఒళ్లో వేసింది. ఇంటికి పోయి నీ ఇల్లు ఇందులో కట్టుకుని రా, భుజాన వేసుకుని రా అంది. ఇల్లంతానా అని నవ్వాను. రేపటి నుంచి గుట్ట అవతల బతకాలనుకో, ఏమేం కావాలో అవే తే అంది. అర్థం చెప్పమంటే చెప్పలేదు.

"ముందు మొయ్యి. తెలుస్తది."

ఆటే కదా అని పోయాను. నాయనమ్మ పెరట్లో ఎవరికో తన దుఃఖం వినిపిస్తోంది. కంచం వేశాను, చెంబు వేశాను, గిన్నె, గంటె వేశాను. రెండు లంగాలు. చలి కదా, బొంత. తమ్ముడికి గొంగడి. ఉప్పు, మిరపకాయలు, జొన్నలు. జొన్నలు వేశాక గుర్తొచ్చింది, వాటిని విసరడానికి రాయి కావాలి. రాయి ఎలా వస్తుంది? ఊళ్లో అందరి రాళ్లూ బాగుచేసే ఆ మనిషి దుప్పటి మీద విసుర్రాయి లేదు. ఆమెకు కూలిగా వేసే జొన్నలు కూడా మా ఇళ్ల రాళ్ల మీదే పిండి కావాలి. ఆ సంగతి నాకు పొద్దున్న తట్టలేదు.

మూట భుజానికి ఎత్తుకునేసరికి తూలాను. ఖాలా నన్ను కూర్చోనివ్వలేదు. తన గేటు నుంచి నవాబు తోట గోడ దాకా, అక్కడి నుంచి మళ్లీ గేటు దాకా నడిపించింది. జర ఇంకోసారి, జర ఇంకోసారి అంటూ మూడు సార్లు. చెంబు అంచు మెడ కింద గుచ్చుకుంది. బొంత జారింది. మూడోసారికి నాకు ఏడుపొచ్చింది. దించమన్నాక ఆమె నా భుజం మీద ఎర్రగా తేలిన చారను వేలితో తాకింది.

"ఖానా అంటే ఇల్లు. దోష్ అంటే గిది, భుజం. ఇల్లు భుజం మీద ఉన్నోళ్లు. గంతే. ఫార్సీల పుట్టిన మాట బేటీ. ఇండ్లను గుర్రాల మీద, ఒంటెల మీద వేసుకొని తిరిగిన దేశాలది. మా తాతల తాతలు సుత గట్లనే వచ్చిండ్రు. గందుల దొంగతనం ఏడున్నది?"

నేను తల దించుకున్నాను. ఆమె అంతటితో వదల్లేదు. పటేలు వాళ్ల ఇల్లు వెతకడానికి ఎంతసేపు పట్టిందని అడిగింది. గింజలు చెరిగినంతసేపు కూడా పట్టలేదని చెప్పాను. మీ ఇల్లు వెతకాలంటే ఎంతసేపు పడుతుందంది. నేను లెక్కవెయ్యబోయి ఆగిపోయాను. అటకలు, కుండలు, సందులు, గదులు.

"దాచాల్నంటే మూలలు కావాలె. గుడారానికి మూలలు ఎక్కడియి? మూలలున్న ఇంట్ల పోయి చూడు."

ఇక్కడ నా సొంత మాట ఒకటి చెప్పాలి. ఆ తర్వాత నేను మన భాషలో కూడా ఆ మాటకు సాటి మాటలు వెతుక్కున్నాను. దిమ్మరి, తిరుగుబోతు, కాలుగాలిన పిల్లి. మనం పెట్టినవన్నీ తిట్లే. కాషాయం కట్టినాయన తిరిగితే సంచారం అంటాం, చేతులు జోడిస్తాం. పెద్ద దొర తిరిగితే పర్యటన. ఉలి పట్టుకున్న మనిషి తన పని వెతుక్కుంటూ తిరిగితే మాత్రం కర్ర ఎత్తుతాం. పాపం, ఆ ఫార్సీ మాట పుట్టినప్పుడు ఎవరినీ ఏమీ అనలేదు. చూసింది చూసినట్టు చెప్పింది. దానికి బురద పూసింది మనం. నాకు ఈ విషయంలో ఎవరితోనైనా గొడవే, ఇప్పటికీ గొడవే.

ఇంటికి పరుగెత్తాను. నాయనమ్మ వెతకని మూల ఏదని ఆలోచిస్తే గుమ్మి కనపడింది. వెదురు తడికకు పేడ అలికి జొన్నలు పోసుకునే పెద్ద గుమ్మి, నా ఎత్తు కన్నా ఎక్కువ. అందులోకి దిగి మోచేతుల దాకా జొన్నల్లో పెట్టి కెలికాను. ముక్కుల నిండా దుమ్ము. చివరికి లోపల ఒక గుడ్డ ముడి తగిలింది. విప్పకముందే మువ్వలు చప్పుడు చేశాయి.

ఆ చప్పుడుకు నాయనమ్మ వచ్చింది. గుమ్మిలోంచి నా తల, నా చేతిలో ముడి చూసి ఆమె ముఖం తెల్లబోయింది. దాచినంతసేపు కూడా పట్టలేదు ఆమెకు గుర్తు రావడానికి. వెంటనే తలుపు దగ్గరికి వేసింది.

"నోరు మూస్కో. రేపు నేనే ఏదో ఒకటి చెప్త. ఇప్పుడు చెప్తే ఊరంత మన మీద నవ్వుతది."

రేపటికి వాళ్లుండరు అన్నాను. ఉండకపోతే మనకేమిటంది. మా నాయనమ్మ చెడ్డది కాదు. రాళ్లామెకు వేసే జొన్నలు కూడా మానిక మీద గుప్పెడు ఎక్కువే వేసేది. కానీ పరువు అనేసరికి ఆమెకు చెవులు వినపడేవి కావు. నేను ఆమెతో వాదించలేదు. వాదిస్తే ఓడిపోతానని తెలుసు. గుమ్మి దిగి, పట్టగొలుసులు రెండు కాళ్లకూ పెట్టుకుని, చీలలు గట్టిగా నొక్కి, తలుపు తీసుకుని బయటపడ్డాను.

మా ఇంటి నుంచి చావడి దాకా ఎంతో దూరం లేదు. కానీ ఆ దారిలో ఊరంతా ఉంది. నేను పరుగెత్తలేదు. పరుగెత్తితే భయపడ్డట్టుంటుంది. ఒక్కో అడుగూ కావాలని నేలకేసి కొడుతూ నడిచాను. మువ్వలు మోగుతుంటే గడపల దగ్గర కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. పొద్దున్న మా వాకిట్లో గుడారాలవాళ్లను తిట్టినవాళ్లే. వాళ్ల కళ్లు నా ముఖం మీది నుంచి నా కాళ్ల మీదికి దిగడం చూశాను. వెనక నుంచి నాయనమ్మ, "ఓసి నీ దుంపతెగ, ఆగే" అంటూ వస్తోంది. ఆగలేదు. నా బతుకులో అంత భయపడ్డ రోజు లేదు, అంత తలెత్తుకు నడిచిన రోజూ లేదు.

చావడి అరుగు మీద పటేలు కూర్చుని ఉన్నాడు. ఆయన పక్కనే ఆ తోలు సంచి. నా కాళ్లు చూసి నవ్వాడు.

"దొరికినయా? భయపడి ఏడనో పారేసి ఉంటరు దొంగ లంగలు."

నేను నోరు తెరవబోయాను. కానీ ఆయన నన్ను చూడటం లేదు, వెనకనున్న నాయనమ్మను చూస్తున్నాడు. ఆమెకు దారి చూపిస్తున్నాడు. అవునని తలూపితే చాలు. పరువు మిగులుతుంది, పటేలు పెద్దరికం మిగులుతుంది, రాళ్లామె దొంగగానే మిగులుతుంది. చిన్నపిల్ల నేనేం చెప్పినా చెల్లదు. చుట్టూ జనం పోగయ్యారు. నాయనమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది. నేను ఆమె చెంగు పట్టుకోలేదు, బతిమాలలేదు. ఒక్క కాలు మాత్రం నేలకేసి కొట్టాను. మువ్వలు మోగాయి.

"నా గుమ్మిల దొరికినయ్ పటేలా" అంది మా నాయనమ్మ. "నేనే దాచిన, నేనే మర్చిన. నవ్వెటోళ్లు నవ్వుండ్రి. ఆమె సామాను ఇటియ్యి."

ఎవరూ నవ్వలేదు. పటేలు ముఖం మాత్రం మాడిపోయింది. తీసుకుపొమ్మని సంచిని కాలితో ముందుకు నెట్టబోతే, నాయనమ్మ వంగి తానే ఎత్తి భుజాన వేసుకుంది. ఇనుము బరువుకు ఒక పక్కకు వంగిపోయింది. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. అలాగే మోసుకుంటూ గుట్ట కింది దాకా నడిచింది, వెనక మువ్వలు మోగిస్తూ నేను.

అప్పటికే గుడారాలు విప్పేశారు. గాడిదల మీద సామాను ఎక్కించారు. రాళ్లామె సంచి అందుకుని ముందు ఉలులు తీసి ఒక్కొక్కదాని అంచూ బొటనవేలితో చూసుకుంది. అన్నీ ఉన్నాయని తేలాకే మా వైపు చూసింది. నాయనమ్మ తప్పైపోయిందని నేరుగా అనలేకపోయింది. ఉండిపొండి, పటేలు ఇక ఏమీ అనడు, రేపొచ్చి ఆ కింది రాయి పని ముగించు, జొన్నలు నిండుగా పోస్తాను అని ఏవేవో చెప్పింది. తప్పు నాది, ఆ మాట నేనన్నాను అని నేను చెప్పాను. రాళ్లామె నా మాట విన్నది. క్షమించినట్టు నవ్వలేదు, తల నిమరలేదు. మా నాయనమ్మతోనే మాట్లాడింది.

"పొద్దుగాల దొంగ చెయ్యన్నరు. మాపటికి గా చెయ్యే మీ పిండిల కావాల్నా? వద్దమ్మా. సగం నేను కొట్టిన. సగం మీదే."

గాడిదను అదిలించింది. వాళ్లంతా ఎర్రగడ్డ బాట పట్టి పోయారు. ఉండమన్నా ఉండలేదు, పొమ్మన్నందుకూ పోలేదు, తమకు పోవాలనిపించి పోయారు. నేను చూసిన మొదటి స్వతంత్రం అదే. ఆ తర్వాత పెద్ద పెద్ద జెండాలు ఎగరడం చూశాను కానీ, ఆమె వీపు అంత నిటారుగా ఏదీ కనపడలేదు. మరుసటి ఏడు గుట్ట కింద గుడారాలు రాలేదు. ఆ మరుసటి ఏడూ రాలేదు.

ఇంకెవరో రాళ్లు కొట్టేవాళ్లు వచ్చారు. అందరూ గాట్లు పెట్టించుకున్నారు, మా నాయనమ్మ తప్ప. పైన గాట్లు, కింద నునుపు, అలాంటి రాయితోనే బతికినన్నాళ్లూ విసిరింది. పిండి బరకగా వచ్చేది, రొట్టె విరిగిపోయేది. తాతయ్య విసుక్కుంటే, తింటే తిను లేకపోతే లే అనేది. వాళ్ల గుడారాలు కనపడినా మా ఇంట్లో వెండి దాచడం మాత్రం మానేశారు.

తర్వాత మడులు పోయాయి, వాగు పోయింది, ఇల్లు రోడ్డులో కలిసిపోయింది. పెళ్లయ్యాక నేను అద్దె ఇళ్లలోనే ఉన్నాను. అమీర్‌పేట, యూసుఫ్‌గూడ, ఎర్రగడ్డ, మళ్లీ అమీర్‌పేట. ఖాళీ చెయ్యమని ఇంటివాళ్లు అన్నప్పుడల్లా నేను మొదట బండి ఎక్కించింది నాయనమ్మ వదిలిపోయిన ఆ విసుర్రాయినే. పిండి గిర్నీ వచ్చింది, మిక్సీ వచ్చింది, ఈ రాయెందుకని అందరూ గొణిగారు. ఇల్లు భుజాన వేసుకున్నాను, ఎవడి సొమ్మూ వేసుకోలేదు అని మనసులో అనుకునేదాన్ని.

మొన్న మా మనవరాలు ఆఫీసు నుంచి వస్తూ పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద గుడారాలు వేసుకున్నవాళ్లను చూసిందట. మా అపార్ట్‌మెంట్ వాళ్ల వాట్సాప్‌లో, గేట్లు జాగ్రత్త, ఖానాబదోష్‌లు దిగారు అని ఎవరో రాశారని చదివి వినిపించింది. ఆ మాటకు అర్థమేంటి నాయనమ్మా అని అడిగింది. నేను కర్ర పట్టుకుని లేచి బాల్కనీలోకి పోయి, కుండీల పక్కనున్న ఆ నున్నటి కింది రాయి చూపించాను.

"ముందు మొయ్యి. తెలుస్తది" అన్నాను.